అమెరికా ఆంగ్లంలో ప్రాంతీయ యాసలు: సొంత మాట పట్ల వక్తల అవగాహన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రతి మనిషి మాటలోనూ యాస ఉంటుంది. అయినా అమెరికాలో కొన్ని ప్రాంతాల వారు తమకు యాస లేదని నమ్ముతారు. మరికొన్ని ప్రాంతాల వారు తమ మాట తప్పుల తడక అని నొచ్చుకుంటారు. ఈ రెండు నమ్మకాలూ చెవికి వినిపించే ధ్వనులకంటే సమాజంలో ఆయా ప్రాంతాలకు, వర్గాలకు ఉన్న స్థానాన్నే ఎక్కువగా ప్రతిబింబిస్తాయని అమెరికా సామాజిక భాషాశాస్త్ర పరిశోధనలు నిరూపించాయి. విలియం లబోవ్, డెనిస్ ప్రెస్టన్, నాన్సీ నీడ్జీల్స్కీ, బార్బరా జాన్‌స్టోన్, జాన్ బా మొదలైన వారి పరిశోధనల ఆధారంగా ఈ విషయాన్ని వివరించడం, ఇల్లు, ఉద్యోగం, న్యాయస్థానం వంటి చోట్ల దాని పర్యవసానాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: యాస, మాండలికం, ప్రామాణిక భాష, భాషాపరమైన అభద్రత, అమెరికా ఆంగ్లం, సామాజిక భాషాశాస్త్రం.

1. ప్రవేశిక:

మాండలిక శాస్త్రం చాలాకాలం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఏ ప్రాంతంలో ఏ పదం వాడతారు, ఏ ధ్వనిని ఎలా పలుకుతారు? పరిశోధకుడు ఊరూరా తిరిగి సమాధానాలు సేకరించి పటాల మీద గుర్తించేవాడు. మాట్లాడేవారు తమ మాట గురించి ఏమనుకుంటున్నారన్నది ఈ సేకరణలో అప్రధానంగా ఉండిపోయింది. సామాన్యుల అభిప్రాయాలు శాస్త్రీయం కావని, వాటిని పట్టించుకోనవసరం లేదని భావించడమే ఇందుకు కారణం.

ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ దృష్టి మారింది. సామాన్యుల అభిప్రాయం ధ్వని గురించి తప్పు కావచ్చు గాని, సమాజం గురించి అది విలువైన సాక్ష్యమని పరిశోధకులు గుర్తించారు. ఒక వ్యక్తి తన మాటను 'స్వచ్ఛమైనది' అన్నా, 'మోటుది' అన్నా ఆ తీర్పు ఎక్కడి నుండి వచ్చిందన్నది పరిశోధించదగిన ప్రశ్న. దాదాపు ఖండమంత విస్తీర్ణం గల దేశం, అనేక దశలలో సాగిన వలసలు, బలమైన ప్రసార మాధ్యమాలు, జాతి విభేదాల చరిత్ర కలిసి ఉన్నందువల్ల ఈ ప్రశ్నకు అమెరికా ఒక విశాలమైన ప్రయోగశాల అయింది.

2. పరిభాష: యాస, మాండలికం:

మాండలికంలో పదజాలం, వ్యాకరణం, ఉచ్చారణ మూడూ ఇమిడి ఉంటాయి. యాస ప్రధానంగా ఉచ్చారణకు సంబంధించినది. భాషాశాస్త్ర దృష్టిలో యాస లేని వక్త ఉండడు. ఏదో ఒక రీతిలో పలకకుండా మాట్లాడడం సాధ్యం కాదు. వాడుకలో మాత్రం 'యాస' అన్న మాట సాధారణంగా ఇతరుల మాటకే వర్తిస్తుంది. తెలుగులోనూ ఇదే పరిస్థితి. 'వాడి మాటలో యాస ఉంది' అన్నంత సులభంగా 'నా మాటలో యాస ఉంది' అనడం వినబడదు. కోస్తా మధ్యజిల్లాల మాటను 'భాష' అనీ, తెలంగాణ, ఉత్తరాంధ్ర, రాయలసీమల మాటను 'యాస' అనీ వ్యవహరించే అలవాటు తెలుగు పాఠకులకు కొత్తది కాదు. పేరు పెట్టడంలోనే ఒక తీర్పు దాగి ఉన్నదని గమనించాలి.

3. అమెరికా మాండలిక పటాలు:

అమెరికా ఆంగ్ల మాండలికాల శాస్త్రీయ సర్వే హాన్స్ కురాత్ నాయకత్వంలో 1930 దశకంలో న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో మొదలయింది. 1949లో ఆయన వెలువరించిన తూర్పు రాష్ట్రాల పద భూగోళం ఆ ప్రాంతాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ మండలాలుగా విభజించింది. ఫ్రెడరిక్ క్యాసిడీ నాయకత్వంలో 1965–1970 మధ్య 1,002 ఊళ్లలో జరిగిన సేకరణ, అమెరికా ప్రాంతీయ ఆంగ్ల నిఘంటువుకు ఆధారమయింది. ఆ నిఘంటువు తొలి సంపుటం 1985లో వచ్చింది. ఒకే శీతల పానీయాన్ని ఈశాన్యంలో 'సోడా' అనీ, ఉత్తర మధ్య రాష్ట్రాలలో 'పాప్' అనీ, దక్షిణాదిలో ఏ రకమైనా సరే 'కోక్' అనీ వ్యవహరించడం ఇటువంటి పద భేదాలకు అందరికీ తెలిసిన ఉదాహరణ.

ఉచ్చారణ భేదాలు పద భేదాలకంటే లోతైనవి. లబోవ్, షారన్ ఆష్, చార్లెస్ బోబర్గ్ 1990లలో టెలిఫోన్ ద్వారా జరిపిన సర్వే ఫలితాలను 2006లో ఉత్తర అమెరికా ఆంగ్ల అట్లాసుగా ప్రచురించారు. టెలివిజన్, చలనచిత్రాల ప్రభావంతో యాసలన్నీ ఒకటైపోతున్నాయన్న సామాన్య విశ్వాసానికి ఈ అట్లాసు విరుద్ధమైన సాక్ష్యం చూపింది. పెద్ద నగరాలలో అచ్చుల ఉచ్చారణ ఒకదానికొకటి దూరంగా జరుగుతున్నదని తేలింది.

వీటిలో ముఖ్యమైనది 'ఉత్తర నగరాల అచ్చుల మార్పు'. సిరక్యూస్, రాచెస్టర్, బఫెలో, క్లీవ్‌లాండ్, డెట్రాయిట్, షికాగో వంటి మహా సరస్సుల పరిసర నగరాలలో ఇది కనిపించింది. 'క్యాట్' అనే మాటలోని అచ్చు పైకి లేచి 'కియట్'కు దగ్గరగా వినిపిస్తుంది. అది ఖాళీ చేసిన చోటుకు 'కాట్'లోని అచ్చు ముందుకు జరుగుతుంది. ఈ విధంగా ఒక అచ్చు కదలిక మరొక అచ్చును కదిలిస్తూ గొలుసుగా సాగుతుంది. ఇటీవలి దశాబ్దాలలో పలు నగరాల యువతరంలో ఈ మార్పు వెనుకంజ వేస్తున్నట్లు పరిశోధకులు గమనించారు. అయితే ఇది బలంగా సాగిన కాలంలో ఆ నగరాలవారు తమ మాట గురించి ఏమనుకున్నారన్నది ఈ వ్యాసానికి కీలకమైన అంశం.

4. 'ప్రామాణిక' ఉచ్చారణ భావన:

ఇంగ్లండులో రాజధానికి, ఉన్నత విద్యాలయాలకు ముడిపడిన ఒక ఉచ్చారణ ప్రామాణికంగా స్థిరపడింది. అమెరికాలో అటువంటి ఒకే కేంద్రం ఏర్పడలేదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో బోస్టన్, న్యూయార్క్ వంటి తూర్పు తీర నగరాల ఉన్నత వర్గాలు పదం చివర, హల్లుకు ముందు 'ర'కారాన్ని పలకకపోవడమే నాగరికంగా భావించేవి. రెండవ ప్రపంచ యుద్ధకాలం తరువాత ఈ గౌరవం తలకిందులయింది. 'ర'కారాన్ని స్పష్టంగా పలికే లోతట్టు రాష్ట్రాల ఉచ్చారణకు విలువ పెరిగింది. ధ్వని అదే, దానికి సమాజం కట్టిన వెల మారింది.

ఈ లోతట్టు ఉచ్చారణకు 'జనరల్ అమెరికన్' అన్న పేరు జార్జ్ ఫిలిప్ క్రాప్ 1925లో ప్రచురించిన గ్రంథం ద్వారా ప్రచారం పొందింది. అంతకు ఒక ఏడాది ముందు, 1924లో, ఒహాయో రాష్ట్రంలోని హైరమ్ కళాశాల ఆచార్యుడు జాన్ శామ్యూల్ కెన్యన్ అమెరికన్ ఉచ్చారణపై పాఠ్యగ్రంథం రాశాడు. తాను పుట్టి పెరిగిన ఈశాన్య ఒహాయో ఉచ్చారణనే ఆయన అందులో ఆధారంగా తీసుకున్నాడు. థామస్ నాట్‌తో కలిసి 1944లో కూర్చిన ఆయన ఉచ్చారణ నిఘంటువు అనేక దశాబ్దాలపాటు ప్రామాణికంగా నిలిచింది. 1943లో ఎన్.బి.సి. ప్రసార సంస్థ ప్రకటించిన ఉచ్చారణ కరదీపిక కూడా ఇదే మార్గంలో సాగింది.

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. కెన్యన్ వర్ణించిన ఈశాన్య ఒహాయోలోనే క్లీవ్‌లాండ్ నగరం ఉంది. ఏ ప్రాంతపు మాట దేశానికి నమూనాగా నిలిచిందో, ఆ ప్రాంతమే తరువాతి దశాబ్దాలలో అచ్చుల మార్పుకు లోనయి ఆ నమూనా నుండి దూరంగా జరిగింది. 'తటస్థమైన ఉచ్చారణ మాది' అన్న అక్కడివారి నమ్మకం మాత్రం కదలలేదు. నమూనా పుస్తకాలలో నిలిచిపోగా, మాట ముందుకు సాగిపోయింది.

5. సామాన్యుల మనసులోని పటాలు:

సామాన్యుల అవగాహనను క్రమబద్ధంగా కొలిచే మార్గాన్ని 1980ల నుండి డెనిస్ ప్రెస్టన్ అభివృద్ధి చేశాడు. అవగాహనాత్మక మాండలిక శాస్త్రంగా పేర్కొనదగిన ఈ శాఖలో పరిశోధకుడు ముందుగా పటం గీయడు. మాట్లాడేవారి చేతే గీయిస్తాడు. రాష్ట్రాల సరిహద్దులు మాత్రమే ఉన్న ఖాళీ పటం ఇచ్చి, ఎక్కడెక్కడ జనం వేరుగా మాట్లాడతారో గీతలు గీసి పేర్లు పెట్టమని అడుగుతాడు. ఆ తరువాత ఒక్కొక్క రాష్ట్రపు మాటకు 'శుద్ధత', 'ఇంపు' అనే రెండు ప్రమాణాలపై అంకెలు వేయమంటాడు.

మిషిగన్ రాష్ట్రంలో పటాలు గీసిన 147 మందిలో 138 మంది, అంటే 94 శాతం, దక్షిణాదిని ప్రత్యేక ప్రాంతంగా గుర్తించారు. మరే ప్రాంతాన్నీ అంతమంది గుర్తించలేదు. తాము నివసించే ఉత్తరాదికంటే దూరాన ఉన్న దక్షిణాదే వారికి ముందుగా గుర్తుకు వచ్చింది. భాషాభేదం అన్న ప్రశ్న వినగానే మనసు 'తప్పుగా మాట్లాడేవారు ఎక్కడ ఉన్నారు' అని వెతుకుతుందని ప్రెస్టన్ దీనిని వ్యాఖ్యానించాడు. శుద్ధత విషయంలో మిషిగన్ వారు తమ రాష్ట్రానికే అగ్రస్థానం ఇచ్చుకున్నారు. అలబామా మొదలైన దక్షిణాది రాష్ట్రాలను చివరన నిలిపారు.

దక్షిణాది వారి సమాధానాలు ఇందుకు భిన్నంగా ఉన్నాయి. ఇంపు విషయంలో అలబామా వారు తమ రాష్ట్రానికే పెద్దపీట వేశారు. శుద్ధత విషయంలో అటువంటి ధీమా చూపలేదు. పాఠశాలలో, వార్తా ప్రసారాలలో, హాస్య చిత్రాలలో తమ మాటకు లభించిన స్థానాన్ని వారు అంగీకరించినట్లే కనిపిస్తుంది. అయితే ఆప్యాయత, మర్యాద, బంధుభావం తమ మాటలోనే ఉన్నాయని కూడా వారు నమ్ముతారు. అధికారం లేని మాట ఆత్మీయతను ఆసరా చేసుకుంటుందన్న ఈ సూత్రం ఇతర సమాజాలలోనూ పరీక్షించదగినది.

6. నమ్మకం చెవిని శాసించే తీరు:

మిషిగన్ వారికి ఈ ధీమా ఎలా నిలుస్తుంది? అచ్చుల మార్పు వారి నోట రోజూ వినిపిస్తూనే ఉంటుంది కదా? ఈ ప్రశ్నకు నాన్సీ నీడ్జీల్స్కీ 1999లో ప్రకటించిన ప్రయోగం సమాధానం ఇచ్చింది. డెట్రాయిట్‌కు చెందిన శ్రోతలకు ఒకే వ్యక్తి మాటలు వినిపించారు. ఆ వక్త కూడా డెట్రాయిట్ నివాసే. ఒక బృందానికి అందిన సమాధాన పత్రంపై వక్తది కెనడా అనీ, మరొక బృందపు పత్రంపై మిషిగన్ అనీ రాసి ఉంది. మాటలో విన్న అచ్చుకు సరిపోయే ధ్వనిని, యంత్రం ద్వారా సృష్టించిన కొన్ని ధ్వనులలో నుండి ఎంచుకోవాలి.

'హౌస్' వంటి మాటలలో 'ఔ' సంధ్యక్షరం ఆరంభ స్వరాన్ని కొంత పైకి లేపి పలకడం కెనడా వారి లక్షణంగా ప్రసిద్ధం. డెట్రాయిట్‌లోనూ అలా పలుకుతారు గాని ఆ సంగతి వారికి తెలియదు. కెనడా అని రాసి ఉన్న బృందం ఆ పైకి లేచిన ధ్వనిని సరిగా గుర్తించింది. మిషిగన్ అని రాసి ఉన్న బృందం అదే ధ్వనిని వింటూ, తమ ఊహలోని ప్రామాణిక ధ్వనిని ఎంచుకుంది. చెవిలో పడిన ధ్వని ఒకటే. పత్రం మీది ఒక్క మాట ఫలితాన్ని మార్చింది.

లబోవ్ బృందం షికాగో, ఫిలడెల్ఫియా, బర్మింగ్‌హామ్ నగరాలలో జరిపిన మరో ప్రయోగం ఇదే విషయాన్ని మరొక కోణం నుండి చూపింది. సహజ సంభాషణ నుండి కత్తిరించిన ఒక్కొక్క మాటను విడిగా, తరువాత పదబంధంలో, చివరకు పూర్తి వాక్యంలో వినిపించారు. ఇళ్ల వరుస అనే అర్థంలో షికాగో వక్త పలికిన 'బ్లాక్' అన్న మాట, విడిగా విన్న పలువురికి నలుపు అనే అర్థం గల 'బ్ల్యాక్'గా వినిపించింది. పూర్తి వాక్యం వినేదాకా అపార్థం తొలగలేదు. షికాగో శ్రోతలు ఇతరులకంటే మెరుగే గాని, తమ నగరపు మాటను వారు కూడా తరచు పొరబడ్డారు. రోజూ పలికే ధ్వనిని, సందర్భం తొలగించి వినిపిస్తే తమదిగా పోల్చుకోలేకపోయారన్నమాట.

దీనికి ఆధారం వినికిడి స్వభావంలోనే ఉంది. సంభాషణలో శ్రోత ధ్వనిని కొలవడు, అర్థాన్ని అందుకుంటాడు. అర్థం చేతికి చిక్కగానే ధ్వనిలోని సూక్ష్మభేదం మరుగున పడుతుంది. చుట్టూ ఉన్నవారందరూ ఒకే రీతిలో పలికినప్పుడు భేదం గుర్తించడానికి అవకాశమే ఉండదు. ఆ ఖాళీలో సామాజిక విశ్వాసం ప్రవేశించి, ఏమి వినాలో నిర్దేశిస్తుంది.

7. భాషాపరమైన అభద్రత: న్యూయార్క్ ఉదాహరణ:

మిషిగన్ ధీమాకు ఎదురు నిలిచే ఉదాహరణ న్యూయార్క్ నగరం. ధనం, ప్రచురణ రంగం, నాటకరంగం అన్నీ ఉన్న ఈ మహానగరపు ప్రజలు తమ మాటను తామే తక్కువగా చూశారు. లబోవ్ 1962లో శాక్స్, మేసీస్, ఎస్. క్లైన్ అనే మూడు బహుళ వస్తు దుకాణాలలో చేసిన సర్వే సామాజిక భాషాశాస్త్రంలో సుప్రసిద్ధం. మొదటిది సంపన్నులది, రెండవది మధ్యతరగతిది, మూడవది చౌక ధరలది. 'నాలుగవ అంతస్తు' అన్న సమాధానం వచ్చే ప్రశ్న వేసి, ఆ ఆంగ్ల పదబంధంలోని 'ర'కారాన్ని ఉద్యోగులు పలుకుతున్నారో లేదో 264 మంది వద్ద నమోదు చేశాడు. పూర్తిగా గాని కొంతమేరకు గాని 'ర'కారం పలికినవారు శాక్స్‌లో 62 శాతం, మేసీస్‌లో 51 శాతం, క్లైన్‌లో 20 శాతం.

ఆ తరువాత నగరంలోని లోయర్ ఈస్ట్ సైడ్ నివాసులతో జరిపిన ఇంటర్వ్యూలలో లబోవ్ స్వీయ అవగాహనను సూటిగా పరీక్షించాడు. కొన్ని మాటలను రెండేసి రీతులలో పలికి, ఏది సరైనది, తాము ఏది వాడతామన్నది అడిగాడు. సరైనది ఒకటని చెప్పి తాము వాడేది మరొకటని ఒప్పుకున్న సందర్భాల సంఖ్యను భాషాపరమైన అభద్రతా సూచికగా లెక్కించాడు. ఈ సూచిక దిగువ మధ్యతరగతిలో అత్యధికంగా ఉంది. పైకి ఎదగాలన్న తపన గలవారికే జారిపోతామన్న భయం ఎక్కువ. పురుషులకంటే స్త్రీలలో అది అధికంగా కనిపించింది. తాము ఎలా పలుకుతామని అడిగినప్పుడు, అరుదుగా వాడే గౌరవ ఉచ్చారణనే తమదిగా చెప్పుకున్నవారూ అనేకులు.

వీరు అబద్ధం ఆడారనుకోవడం తగదు. మాట్లాడేటప్పుడు మనిషి తన నోటి ధ్వనిని కాక, తాను లక్ష్యంగా పెట్టుకున్న ధ్వనిని వింటాడని లబోవ్ వివరణ. ఈ విధంగా మిషిగన్ ధీమా, న్యూయార్క్ అభద్రత ఒకే ప్రక్రియకు రెండు ముఖాలు. రెండు చోట్లా జనం తమ మాటను ఒక ఆదర్శంతో పోల్చుకున్నారు. ఒకరు ఆ ఆదర్శం తమదే అనుకున్నారు; మరొకరు అది తమకు అందలేదనుకున్నారు.

8. యాస స్పృహలోకి వచ్చే దశలు:

ఒక ధ్వని లక్షణం సమాజపు స్పృహలో మూడు స్థాయిలలో ఉండగలదని లబోవ్ వర్గీకరించాడు. ఎవరూ గమనించనిది సూచిక. సందర్భాన్ని బట్టి జనం తెలియకుండానే సవరించుకునేది గుర్తు. అందరూ పేరు పెట్టి ఎగతాళి చేసేదో, మురిసిపోయేదో మూస. ఈ స్థాయిలకు రెండు ఉదాహరణలు చూడవచ్చు.

మసాచుసెట్స్ తీరంలోని మార్తాస్ వినియర్డ్ దీవిలో లబోవ్ 1961లో మొదలుపెట్టిన పరిశోధన 1963లో ప్రచురితమయింది. 69 మంది స్థానికుల మాటలో 'ఐ', 'ఔ' సంధ్యక్షరాల ఆరంభ స్వరం నోటి మధ్యభాగానికి జరగడాన్ని ఆయన కొలిచాడు. వేసవిలో ఆ చిన్న దీవికి 40,000 మందికి పైగా యాత్రికులు వచ్చేవారు. స్థానికుల ఇళ్లు వారి చేతుల్లోకి పోతున్నాయి. చిల్‌మార్క్ గ్రామపు మత్స్యకారులలో, దీవిని విడిచి వెళ్లకూడదని నిశ్చయించుకున్నవారిలో ఈ ఉచ్చారణ బలంగా కనిపించింది. తాము అలా పలుకుతున్నామని వారికి తెలియదు. 'ఈ నేల మాది' అన్న భావం మాత్రం వారి మాటలో పలికింది.

పిట్స్‌బర్గ్ నగరం చివరి స్థాయికి ఉదాహరణ. అక్కడి శ్రామికులు 'డౌన్‌టౌన్'ను 'డాన్‌టాన్' అని పలికేవారు. 'మీరు' అనే బహువచనానికి 'యింజ్' అనేవారు. ఉక్కు కర్మాగారాలు నడిచినంత కాలం అది అక్కడి సాధారణమైన మాట. 1970, 1980 దశకాలలో పరిశ్రమ కుప్పకూలి వేలాదిమంది ఇతర రాష్ట్రాలకు వలస పోయారు. అక్కడివారు తమ మాటను విని ఆశ్చర్యపడినప్పుడు తమకు ఒక యాస ఉన్నదని వారికి తెలిసింది. క్రమంగా అది 'పిట్స్‌బర్గీస్' అన్న పేరుతో చొక్కాల మీదికి, టీ కప్పుల మీదికి ఎక్కింది. ఈ పరిణామాన్ని బార్బరా జాన్‌స్టోన్ సవిస్తరంగా వివరించింది. ఆ మాటను సహజంగా మాట్లాడేవారి సంఖ్య తగ్గుతున్న కాలంలోనే దాని పట్ల అభిమానం పెరగడం గమనించదగిన అంశం.

9. సామాజిక పర్యవసానాలు:

సొంత మాటను తటస్థంగా భావించడం వ్యక్తిగత భ్రమగా మిగిలితే నష్టం లేదు. ఆ భావన అధికారం గలవారి చేతిలో కొలబద్దగా మారినప్పుడే ఇతరులకు నష్టం కలుగుతుంది. రోసినా లిపి-గ్రీన్ 1997లో ప్రచురించిన గ్రంథంలో దీనిని ప్రామాణిక భాషా భావజాలంగా విశ్లేషించింది.

థామస్ పర్నెల్, విలియం ఇడ్సార్డీ, జాన్ బా 1999లో ప్రకటించిన పరిశోధన గృహవసతికి సంబంధించినది. ఆఫ్రికన్ అమెరికన్, మెక్సికన్ అమెరికన్, ప్రామాణిక ఉచ్చారణలు మూడింటిలోనూ మాట్లాడగల బా, శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాలలో అద్దె ఇళ్ల యజమానులకు మూడు రీతులలోనూ ఫోన్ చేశాడు. శ్వేతజాతీయులు అధికంగా ఉన్న వుడ్‌సైడ్‌లో ప్రామాణిక ఉచ్చారణకు సుమారు 70 శాతం సందర్భాలలో ఇల్లు చూడడానికి రమ్మని సమాధానం వచ్చింది. మిగిలిన రెండు ఉచ్చారణలకు అది 30 శాతానికి మించలేదు. 'హలో' అన్న ఒక్క మాట విని కూడా శ్రోతలు 70 శాతానికి పైగా సందర్భాలలో మాండలికాన్ని గుర్తించగలిగారు. ముఖం కనబడకుండానే తలుపు మూయడం సాధ్యమని దీనివల్ల తెలుస్తుంది.

న్యాయస్థానంలో పరిస్థితి మరింత తీవ్రమైనది. ఫిలడెల్ఫియా న్యాయస్థానాల అధికారిక లేఖకులపై జరిగిన పరిశోధన 2019లో వెలువడింది. ఆఫ్రికన్ అమెరికన్ ఆంగ్లంలో చెప్పిన వాక్యాలలో సుమారు 60 శాతమే వారు తప్పు లేకుండా రాయగలిగారు. వారి వృత్తి ధ్రువీకరణకు కావలసిన ఖచ్చితత్వం 95 శాతం. సాక్షి చెప్పినదానికి భిన్నమైన వాక్యం రికార్డులోకి ఎక్కితే, అప్పీలులో న్యాయమూర్తి చదివేది ఆ వాక్యాన్నే.

చట్టం ఈ విషయంలో పాక్షిక రక్షణ మాత్రమే ఇస్తుంది. 1964 పౌరహక్కుల చట్టం ఏడవ అధ్యాయం జాతీయ మూలం ఆధారంగా ఉద్యోగ వివక్షను నిషేధిస్తుంది. విదేశీ యాస జాతీయ మూలంలో భాగంగా పరిగణన పొందుతుంది. అయితే యాస ఉద్యోగ నిర్వహణకు నిజంగా అడ్డుపడుతుందని యజమాని చూపగలిగితే నిరాకరణ చెల్లుతుంది. రాత పరీక్షలో అగ్రస్థానం పొందిన ఫిలిప్పీన్ మూలానికి చెందిన ఒక అభ్యర్థికి, మౌఖిక పరీక్షలో యాస కారణంగా హొనొలులు నగర పాలక సంస్థ ఉద్యోగం నిరాకరించింది. 1989లో అప్పీలు న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని సమర్థించింది. అలబామాలో పుట్టిన అమెరికన్‌కు అతని ప్రాంతీయ యాస విషయంలో ఈ పాటి చట్ట రక్షణ కూడా స్పష్టంగా లేదు.

'అర్థం కాలేదు' అన్న ఫిర్యాదు ఎప్పుడూ ధ్వని వల్లనే వస్తుందా? డొనాల్డ్ రూబిన్ 1992లో ప్రకటించిన ప్రయోగం ఈ సందేహాన్ని లేవనెత్తింది. ఆంగ్లం మాతృభాషగా గల ఒక అమెరికన్ మహిళ ఉపన్యాసాన్ని రికార్డు చేసి రెండు విద్యార్థి బృందాలకు వినిపించారు. ఒక బృందానికి శ్వేతజాతి మహిళ ఫోటో, మరొక బృందానికి ఆసియా మహిళ ఫోటో చూపారు. ఆసియా ముఖం చూసిన విద్యార్థులకు అదే స్వరంలో విదేశీ యాస వినిపించింది. పాఠం గ్రహించడంలోనూ వారు వెనుకబడ్డారు. నీడ్జీల్స్కీ ప్రయోగంలో ఊరి పేరు చేసిన పనిని ఇక్కడ ముఖచిత్రం చేసింది. అమెరికా విశ్వవిద్యాలయాలలో బోధనా సహాయకులుగా పనిచేసే తెలుగు విద్యార్థులకు ఈ ఫలితం నేరుగా వర్తిస్తుంది. ఉచ్చారణను ఎంత సవరించుకున్నా, శ్రోత చెవిలో ముందే ఏర్పడిన యాసను వక్త ఒక్కడే తొలగించలేడు.

10. తెలుగు పరిశోధనకు అవకాశాలు:

తెలుగు మాండలికాల క్రమబద్ధ సేకరణకు భద్రిరాజు కృష్ణమూర్తి పునాది వేశారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను, 1971 నాటి రెండవ సంపుటం చేనేత పదాలను అందించాయి. వీటి ఆధారంగా తెలుగు నేలను పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా గుర్తించడం జరిగింది. ఇది కురాత్ పద్ధతికి సన్నిహితమైన కృషి. ప్రెస్టన్ పద్ధతిలో తెలుగువారి చేతనే పటాలు గీయిస్తే ఆ గీతలు ఈ నాలుగు మండలాలతో ఏకీభవిస్తాయో, రాష్ట్ర సరిహద్దులను, చలనచిత్రాలలోని మూసలను అనుసరిస్తాయో పరిశీలించవచ్చు. శుద్ధత, ఇంపు అనే ప్రమాణాలను వేరుచేసి అడగడం ఇందులో ముఖ్యం. హైదరాబాదు కాల్ సెంటర్లలో 'మాతృభాషా ప్రభావం' తొలగించే శిక్షణ కూడా పరిశీలనార్హమే. అక్కడ లక్ష్యంగా చూపే 'తటస్థ ఉచ్చారణ' ఏ ప్రాంతపు, ఏ వర్గపు మాట అన్న ప్రశ్నకు కెన్యన్ చరిత్ర దారి చూపుతుంది.

11. ముగింపు:

పై చర్చ ద్వారా గుర్తించిన అంశాలు:

• యాస లేని వక్త ఉండడు. తనకు యాస లేదని భావించడం, ఆ వక్త ప్రాంతానికి లేదా వర్గానికి సమాజంలో లభించిన గౌరవానికి సూచన.
• వక్తలు తమ మాటను ఉన్నదున్నట్లుగా వినరు. మిషిగన్ ధీమా, న్యూయార్క్ అభద్రత రెండూ తమ మాటను ఒక ఆదర్శంతో పోల్చుకోవడం వల్ల ఏర్పడినవే.
• ఇతరులతో సంపర్కం, వలస, ఆర్థిక పరిణామాలు ఏర్పడినప్పుడే యాస స్పృహలోకి వస్తుంది. అందుకు పిట్స్‌బర్గ్ నిదర్శనం.
• శ్రోత ముందస్తు నమ్మకం ధ్వని గ్రహణాన్నే మార్చగలదు. కాబట్టి అర్థం కాకపోవడానికి బాధ్యత వక్తదే అన్న భావన అశాస్త్రీయం.
• ఇల్లు, ఉద్యోగం, న్యాయస్థానాల విషయంలో ఈ అవగాహనకు ప్రత్యక్ష పర్యవసానాలు ఉన్నాయి. ఉచ్చారణ శిక్షణను వక్తలకే పరిమితం చేయకుండా, వివిధ మాండలికాలను శ్రద్ధగా వినే శిక్షణను అధ్యాపకులకు, న్యాయస్థాన లేఖకులకు, నియామక అధికారులకు అందించవలసిన అవసరాన్ని ఈ పరిశోధనలు సూచిస్తున్నాయి.